మిగతాది తర్వాత

రోలరులో దుప్పటి చిక్కుకుంది. ఆసుపత్రి బండి గేటు దగ్గర హారను మోగిస్తూ ఉండగా, ఇంకా రెండు మూటల దుప్పట్లు తడితడిగా నేలమీద పడి ఉండగా, సరిగ్గా అప్పుడే చిక్కుకుంది. నడుమంత లావున్న రెండు ఇనప దిమ్మెలు సెగలు కక్కుతూ తిరుగుతుంటే, తడి దుప్పటి ఒకవైపు లోపలికి పోయి, రెండోవైపు పెళపెళలాడుతూ బయటికి రావాలి. రాలేదు. మాడు వాసన మాత్రం వచ్చింది.

"ఆపండర్రా! ఆపండి!" అని అరిచింది రోలరక్క.

ఎవరో పరిగెత్తి మీట నొక్కేలోపు ఆమె చెయ్యి పెట్టనే పెట్టింది. అరచేతికి పాతగుడ్డ చుట్టుకుని, అంచు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగింది. దుప్పటి వచ్చింది, మధ్యలో అరచేతి వెడల్పున మాడుమచ్చతో. మణికట్టు దగ్గర చర్మం కంది పొంగింది. ఆమె దానివైపు చూడలేదు, సూపర్వైజరు వైపు చూసింది. మాడిన దుప్పటి ఖరీదు జీతంలోంచి కోస్తారు. కాలిన చేతిని ఎవరూ ఎందులోనూ రాసుకోరు.

"చల్లనీళ్ళు పోసుకోవే అమ్మాయ్ దానిమీద," అంది అవతలివైపు దుప్పట్లు అందుకునే మడతల పిన్ని.

"ఈ కొంపలో చల్లనీళ్ళెక్కడివి పిన్నీ? కొళాయి తిప్పితే టీ కాచుకోవచ్చు."

ఇద్దరూ నవ్వారు. నవ్వకపోతే ఆ లాండ్రీలో ఒక్క పూట కూడా గడవదు. లోపల ఆవిరి ఎంత దట్టంగా ఉంటుందంటే, పదడుగుల అవతల మనిషిని దగ్గును బట్టి గుర్తుపట్టాలి. ఏళ్ళ తరబడి ఆ యంత్రం ముందే నిలబడింది కాబట్టి ఆమె అందరికీ రోలరక్క. దుప్పట్ల వ్యాను నడిపే, తండ్రి వయసున్న బండి బాబాయి కూడా అక్కా అనే పిలుస్తాడు. ఇదేం వరస బాబాయ్ అంటే, "ఏం చెయ్యను, నోరలా తిరిగిపోయింది," అంటాడు.

మళ్ళీ మీట నొక్కబోతుంటే గుమ్మంలో కూతురు కనిపించింది. బడి వదిలే వేళ కాదు. పిల్ల పుస్తకాల సంచిని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని నిలబడింది. పదో తరగతికొచ్చి తల్లికన్నా జానెడు పొడుగెదిగినా, పుట్టినప్పటి ముద్దుపేరు బుడ్డమ్మ అలాగే ఉండిపోయింది.

"ఏమే? ఒంట్లో బాలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"సారు బయటికి పొమ్మన్నాడు. నువ్వొచ్చి మాట్లాడేదాకా క్లాసుకి రావద్దన్నాడు."

"ఏ సారు?"

"ఇంకే సారమ్మా. లెక్కల సారు."

రోలరక్క మీట మీంచి చెయ్యి తీసేసింది. తడి మూటమీదే కూలబడింది.

లెక్కల మాస్టారి సంగతి చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. బడిలో ఆయన నల్లబల్ల మీద లెక్క వేస్తాడు. ఒక మెట్టు ఎక్కిస్తాడు, రెండో మెట్టు ఎక్కిస్తాడు. మూడో దాని దగ్గర సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుంటాడు. "మిగతాది తర్వాత," అంటాడు. తర్వాత అంటే మర్నాడు కాదు, ఆపై వారమూ కాదు. సాయంత్రం, ఆయనింటి ముందుగదిలో, ఫీజు కట్టిన వాళ్ళకి. ప్రైవేటుకి పోయే పిల్లలు బడిలో ముందు బల్లల మీద కూర్చుని, ఆ మాట వినగానే హాయిగా పుస్తకాలు మూసేస్తారు. వెనక బల్లల వాళ్ళు నల్లబల్ల మీద సగం లెక్కను చూస్తూ కూర్చుంటారు.

దీన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. పొద్దున సూర్యుడొస్తాడు, సాయంత్రం మాస్టారింట్లో లెక్కలు చెబుతారు, అంతే. రోలరక్క అన్నయ్య చదువుకునే రోజుల్లోనూ ఇదే తంతు. అప్పుడు ఈయన కాదు, ఈయనకు చెప్పినాయన. ఆయన ఇంటి గుమ్మానికి పచ్చరంగు తలుపుండేది. అన్నయ్య ఆ తలుపు దాకా పోయి, ఫీజు ఎంతో కనుక్కుని, తిరిగొచ్చాడు. లెక్కలు తప్పాడు. గోడలకు రంగులేసే పనిలో చేరాడు. ఇప్పటికీ నలుగురు చేరితే, "ఆ మిగతాదేదో చెప్పి ఉంటే నేనీపాటికి ఇంజనీరుని," అని నవ్విస్తాడు. అందరూ నవ్వుతారు. ఇంటికెళ్ళాక వదిన చెబుతుంది, ఆ మాటన్న రోజున ఆయన అన్నం సరిగ్గా తినడని.

మాస్టారి నెల ఫీజు రోలరక్క జీతంలో మూడో వంతు. బుడ్డమ్మకేమో నర్సు చదువు మీద మనసు. దుప్పట్లు తీసుకుపోయే బండిలో ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి, మంచాల మధ్య తిరిగే నర్సులను చూసొచ్చింది. అంతే, మరో మాట లేదు. ఆ చదువులో చేర్చుకోవాలంటే లెక్కల్లో నూటికి అరవై రావాలి. ఆ నూటిలో ఇరవై మార్కులు పరీక్షతో పని లేకుండా బడిలోనే, మాస్టారు తన చేత్తో వేస్తాడు. అరవై వస్తే పిల్ల ఆసుపత్రికి, రాకపోతే తన పక్కన రోలరు దగ్గరికి. మధ్యలో ఇంకో దారి రోలరక్కకు కనబడలేదు.

ఉపాయం సబ్బు వదిన చెప్పింది. ఉతికే యంత్రాల్లో సబ్బు కలిపే మనిషి, చేతులు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. ఆమెకూ పదో తరగతి కూతురుంది. మడతల పిన్నికుంది, బండి బాబాయికీ ఉంది. నలుగురూ ఒకే బడి, ఒకే వెనక బల్ల.

"నలుగురికీ కట్టలేం. తలా కాస్త వేసుకుని ఒకత్తిని పంపిద్దాం వదినా. విన్నది వచ్చి ముగ్గురికీ చెబుతుంది. ఒక పొయ్యిమీద నలుగురికి వండుకోమూ?" అంది.

వెళ్ళేది ఎవరన్న దానిమీద పేచీ రాలేదు. బుడ్డమ్మే. ఒకసారి వింటే చాలు, విన్నది విన్నట్టు అప్పజెబుతుంది. మాట ఒక్కటే కాదు, చెప్పిన మనిషి మూతి తిప్పితే తనూ తిప్పుతుంది. చిన్నప్పుడు సూపర్వైజరు దగ్గినట్టు దగ్గి లాండ్రీ మొత్తాన్ని పరిగెత్తించింది.

అలా ఆరునెలలు సాగింది. బుడ్డమ్మ సాయంత్రం ప్రైవేటుకి పోయేది. పొద్దున్నే, బండి బయల్దేరకముందు, బండి బాబాయి వ్యాను వెనక తలుపు తీసి పెట్టేవాడు. ఉతికిన మూటల మధ్య ముగ్గురు పిల్లలు కూర్చుంటే, బుడ్డమ్మ వ్యాను లోపలి రేకుమీద సుద్దతో లెక్కలు వేసేది. బాబాయి బయట అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ, తనూ వినేవాడు.

ఆ విన్నది విన్నట్టు దించడమే కొంప ముంచింది. మాస్టారికి ఇంట్లో చెప్పేటప్పుడు ఒక ఊతపదం ఉంది. లెక్కలో ఒక అంకె సమానం గుర్తుకు ఇవతలి నుంచి అవతలికి పోతే, కూడిక తీసివేత అవ్వాలి కదా. దానికాయన గొంతు సవరించుకుని, వేలెత్తి, "గుమ్మం దాటితే వేషం మారాలి బాబూ!" అంటాడు. బడిలో ఆ మాట ఎప్పుడూ అనడు. ఆ రోజు బడిలో సగం లెక్క వేసి, ఉట్టినే, వెనక బల్ల వైపు చూసి "తర్వాత ఏమవుతుందో చెప్పేవాళ్ళున్నారా?" అన్నాడు. ఉండరని ఆయన ధైర్యం. బండి బాబాయి కూతురు లేచింది. గొంతు సవరించుకుంది. వేలెత్తింది. "గుమ్మం దాటితే వేషం మారాలి సార్!" అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్లకు ఎందుకు నవ్వారో తెలియలేదు. గొంతు సవరించుకోవడం కూడా లెక్కలో భాగమే అనుకుంది.

మాస్టారు నవ్వలేదు. ముగ్గురినీ ఒక్కొక్కరినే లేపి అడిగాడు. ముగ్గురికీ లెక్క వచ్చింది. అప్పుడు, ఆ బల్లలో ప్రైవేటుకి వచ్చే బుడ్డమ్మ వైపు తిరిగాడు.

"ఏమన్నాడు?" అంది రోలరక్క.

"నా పాఠం దొంగిలించి పంచిపెడతావా అన్నాడు. రేపు క్లాసు ముందు నిలబడి, నేను దొంగతనం చేశాను, తప్పయింది అని చెప్పాలంట. వాళ్ళు ముగ్గురూ ఈ నెల నుంచి ప్రైవేటుకి రావాలంట. లేకపోతే ఇరవై మార్కుల సంగతి చూసుకుంటానన్నాడు."

"నలుగురికీనా?"

"నలుగురికీ."

టీ వేళకు సంగతి నలుగురికీ తెలిసింది. ఉతికే గదిలో చేరారు. యంత్రాల రొదలో మాట్లాడాలంటే అరవాలి, పోట్లాట అనుకోవద్దు. కాసేపటికి అది నిజంగానే పోట్లాటైంది.

"నీ కూతురు విన్నది చెప్పమన్నాం గానీ, నాటకం వెయ్యమన్నామా?" అంది సబ్బు వదిన.

"ఉపాయం ఎవరిది వదినా?"

"నాదే. ఉపాయం చెప్పాను, ఊరంతా దండోరా వెయ్యమన్నానా?"

"మీ ఇద్దరూ ఆగండమ్మా," అన్నాడు బండి బాబాయి. "నోరు జారింది నా కూతురు. ఇందులో దొంగతనమేంటో నాకు అర్థం కావట్లేదక్కా. నేను దారి అడిగి తెలుసుకుని ఇంకొకడికి చెప్తే, దారి దొంగిలించినట్టా?"

"తర్కం ఇప్పుడెందుకు బాబాయ్," అంది మడతల పిన్ని. అక్కడ పని లేకపోయినా ఆమె ఏదో గుడ్డను మడత పెడుతూనే ఉంది. "మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. తప్పయిందని చెప్పించేద్దాం. మాటేగా, అరిగిపోతామా? చెప్పించెయ్యి అమ్మాయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

రోలరక్క సబబే అనుకుంది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మాస్టారి మీద ఆమెకు అప్పటిదాకా కోపం లేదు. పైగా జాలి. పిల్లలు ఆయన్ను ఆడిపోసుకున్నప్పుడల్లా వెనకేసుకొచ్చేది. "యాభైమందికి ఒక్కడు. గొంతు పెగలాలా? మీరు అరిస్తే ఆయనకు వినబడదు, ఆయన చెప్తే మీకు వినబడదు. ఇంటిదగ్గర నలుగురున్న చోట నింపాదిగా చెప్తాడు పాపం," అనేది. బుడ్డమ్మ చెప్పేది కూడా అదే. బడిలో సారు గొంతు మూడో బల్ల దాటదని. నీళ్ళు నమిలినట్టు నమిలి, గడియారం చూస్తాడని.

సూపర్వైజరు అరపూట జీతం కోస్తానని చెప్పి మరీ ముందుగా వదిలాడు. సబ్బు వదినకు రెండో షిఫ్టు ఉంది. "నా పిల్లను మీతో తీసుకెళ్ళండి. ఏం చెయ్యమంటే అది చేస్తుంది," అని కూతుర్ని పంపింది, కళ్ళల్లోకి మాత్రం చూడలేదు.

పిన్నీ, బాబాయీ తమ కూతుళ్ళతో వెంట నడుస్తుండగా, దారిలో రోలరక్క కూతురికి పాఠం చెప్పింది.

"తల వంచుకో. ఆయన మొహంలోకి చూడకు. దొంగతనం చేశాను, తప్పయింది, ఇంకెప్పుడూ చెయ్యను. ఇంతే. ఎక్కువ మాట్లాడకు."

"నేనేం దొంగిలించానమ్మా?"

"నిన్నడిగానా?"

"మీరందరూ డబ్బులేసి పంపారు. ఆయన చెప్పాడు. నేను విన్నాను. విన్నది చెప్పాను. ఇందులో ఎవరిది ఏం పోయింది?"

"బుడ్డీ! అరవై కావాలా వద్దా నీకు?"

పిల్ల పుస్తకాల సంచి భుజం మార్చుకుంది.

"కావాలి కదా. అయితే అను. ఒకసారి అని చూపించు."

"దొంగతనం చేశాను," అంది బుడ్డమ్మ. నడివీధిలో, పక్కన ముగ్గురు స్నేహితురాళ్ళు వింటూ ఉండగా అంది. "తప్పయింది." ఆ తర్వాతది రాలేదు. ఎవరి గొంతునైనా అచ్చుగుద్దినట్టు దించే పిల్లకు, ఆ మూడో మాట ఎవరి గొంతుతో అనాలో తెలియలేదు. బండి బాబాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మాస్టారిల్లు సందు మలుపులో ఉంది. ముందుగది కిటికీ సందులోకే తెరుచుకుంటుంది. మెట్లమీద చెప్పుల కుప్ప. కొత్తవి, మెరుస్తున్నవి, ఒకదానిమీద ఒకటి. మాస్టారి భార్య తలుపు ఓరగా తీసి చూసింది.

"క్లాసవుతోంది. మధ్యలో లేవరు. బయట నిలబడండి."

సందులోనే, కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. రోలరక్క కాలిన మణికట్టును చీరకొంగుతో కప్పుకుంది. వినాలని ఆమెకు లేదు. వినబడింది.

"భయపడకండిరా. రెండు తెలియని అంకెలున్నాయని ఎందుకంత దిగులు? కొట్టుకెళ్ళారనుకోండి. రెండు పెన్నులు, మూడు పుస్తకాలు. ఎనభై అన్నాడు కొట్టువాడు. మీ తమ్ముడు వెళ్ళాడు. వాడూ రెండు పెన్నులే తీసుకున్నాడు. పుస్తకం మాత్రం ఒక్కటే. నలభై అన్నాడు. ఇప్పుడు చెప్పండి, పెన్నుల్లో తేడా ఉందా?"

"లేదు సార్!"

"లేదుగా? అయితే వాటిని పక్కకు పెట్టేయండి, వాటితో మనకు పేచీ లేదు. నీకు నలభై ఎందుకు ఎక్కువైంది? తొందరపడొద్దు. ఆలోచించు. నేనెక్కడికీ పోను."

లోపల ఎవరో తడబడుతున్నారు. మాస్టారు ఆగాడు. ఆగి, వేచి ఉన్నాడు. ఆ గొంతు! గంట కొట్టినట్టుంది. గోడ దాటి, సందు దాటి, ఎదురింటి గుమ్మం దాకా పోతోంది. నీళ్ళు నమలడం లేదు. ఓపిక, చమత్కారం, వెనకబడ్డవాడి కోసం ఆగడం, అన్నీ ఉన్నాయి.

"ఎక్కువ కొన్న రెండు పుస్తకాలవల్ల," అంది రోలరక్క. పైకే అంది. అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జన్మలో లెక్కల పుస్తకం ముట్టని మనిషి. లోపల ఎవరో అదే జవాబు చెప్పారు. "శభాష్! మరి ఒక పుస్తకం ఎంత?" అన్నాడు మాస్టారు.

ఆమె కూతురి వైపు తిరిగింది.

"ఈ లెక్క బడిలో చెప్పాడా?"

"ఇవాళే చెప్పాడమ్మా, ఆ గొడవకు ముందు. ఈ లెక్కేగా. రెండు వరసలు రాసి, కింద దాన్ని పైదాంట్లోంచి తీసెయ్యండి అన్నాడు. ఎందుకో చెప్పలేదు. మిగతాది తర్వాత అన్నాడు."

"ఇలా చెప్పలేదూ?"

"ఇలా ఇక్కడే చెప్తాడు."

"ఈ గొంతుతో?"

"ఇక్కడి గొంతు వేరమ్మా."

రోలరక్క గోడకు వీపు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఆయనకు చేతకాదనుకుంది ఇన్నాళ్ళూ. ముసలితనం, గొంతు నొప్పి, గదినిండా పిల్లలు, ఒక్కడేం చేస్తాడనుకుంది. చేతకానివాడి మీద కోపం ఎందుకు, మనకు మాత్రం అన్నీ చేతనవునా? కానీ చేతనవును. ఎంత బాగా చేతనవునంటే, గోడ బయట నిలబడ్డ తనబోటి దానికి కూడా బోధపడేంత. ఇంత చేతనైనవాడు, పొద్దున్నే బడికెళ్ళి, జీతం పుచ్చుకునే కుర్చీలో కూర్చుని, తెలిసి తెలిసి గొంతు తగ్గించుకుంటున్నాడు. పిల్లకు అర్థమవుతుందేమోనని చూసి, సరిగ్గా అర్థం కాబోయే చోట సుద్దముక్క కింద పెడుతున్నాడు. ఎక్కడ ఆపాలో అంత కచ్చితంగా తెలుసు ఆయనకి. అన్నయ్యను ఆపినవాడికీ తెలుసు. అన్నయ్య తెలివితక్కువ వాడని ఇంట్లో అందరూ నమ్మారు. అమ్మ నమ్మింది. చివరికి అన్నయ్యే నమ్మాడు. జోకులేసుకుని బతుకుతున్నాడు.

వేడి ఆమెకు కొత్త కాదు, కానీ ఇది చర్మం మీది వేడి కాదు.

పాఠానికి విరామం ఇచ్చి మాస్టారు వసారాలోకి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. వీళ్ళను చూసి మొహం చిట్లించలేదు. పెద్దమనిషి లాగానే మాట్లాడాడు.

"వచ్చారా. మంచిది. చూడమ్మా, నాకు మీ అమ్మాయి మీద కక్షేం లేదు. తెలివైన పిల్ల. కానీ చేసింది తప్పు కదా? సినిమాకి ఒక టిక్కెట్టు కొని నలుగురు దూరితే ఊరుకుంటారా?"

"ఊరుకోరు మాస్టారూ," అంది మడతల పిన్ని గబగబా. "తప్పే. చెప్పేస్తుంది. చెప్పవే బుడ్డమ్మా."

బుడ్డమ్మ ఒక మెట్టెక్కి తల వంచింది. నోరు తెరిచింది.

"ఆగు," అంది రోలరక్క.

అందరూ ఆమె వైపు చూశారు.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను. ఆ పెన్నుల లెక్క బడిలో ఇలా ఎందుకు చెప్పలేదు?"

"ఏమిటి?"

"ఇందాక కిటికీలోంచి విన్నాను. చాలా బాగా చెప్పారు. నాకే అర్థమైంది. బడిలో ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు చిన్నగా నవ్వాడు. "బడి వేరమ్మా, ఇది వేరు. అక్కడ టైము చాలదు. సిలబస్సు, పరీక్షలు, రిజిస్టర్లు... నీకు తెలియదులే."

"ఇప్పుడు మీరు చెప్పడానికి ఎంతసేపు పట్టింది? నేను గోడకానుకుని కాలు కూడా మార్చుకోలేదు. ఆపాటి టైము అక్కడ లేదా?"

"అక్క అడిగింది సబబే సార్," అన్నాడు బండి బాబాయి.

"నువ్వెవరయ్యా మధ్యలో?"

"గొంతు సవరించుకున్న పిల్ల నాన్నని."

లోపల కిటికీ దగ్గర చేరిన పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి మొహంలో పెద్దమనిషితనం కాస్త జారింది.

"చూడండి, నాకవతల పిల్లలు కూర్చున్నారు. ఇష్టమైతే క్షమాపణ చెప్పించండి, కష్టమైతే మానేయండి. మార్కులు వేసేటప్పుడు నేను ప్రవర్తన కూడా చూడాలి. రూలే ఉంది. తర్వాత వచ్చి ఏడ్చి లాభం లేదు."

"అమ్మాయ్," అంది మడతల పిన్ని, ఆమె భుజం పట్టుకుని. "వద్దే. నా పిల్ల కూడా ఉందే ఇందులో. నీ కోపానికి నా పిల్లను బలి చెయ్యకే."

ఆ మాట రోలరక్కకు తగలకపోలేదు. బాగానే తగిలింది. పిన్ని మొహం చూసింది, పిన్ని కూతురి మొహం చూసింది. అరవై మార్కులు, ఆసుపత్రి, తెల్లబట్టలు, అన్నీ ఆ మెట్టుమీద వంగిన తలలో ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు. ఒక్క మాట అననిస్తే పిల్ల రేపు బడిలో యాభైమంది ముందు దొంగ అవుతుంది. ఆ తర్వాత మార్కులు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత బతికినంతకాలం, తనకు అర్థమైనది ఎవరికైనా చెప్పాలంటే చుట్టూ చూసుకుంటుంది.

"చెప్పదు," అంది.

"ఏమిటి?"

"తప్పయిందని చెప్పదు. అది దొంగ కాదు. దిగవే మెట్టు."

బుడ్డమ్మ తలెత్తి తల్లిని చూసింది. మెట్టు దిగింది.

"బాగా ఆలోచించుకో. నీ కూతురి భవిష్యత్తు నువ్వే పాడుచేస్తున్నావు," అన్నాడు మాస్టారు.

"దొంగని మీరన్నారు కాబట్టి అడుగుతున్నాను. బడిలో పాఠం చెప్పమని మీకు జీతం ఇస్తున్నారా లేదా? ఆ పాఠంలో సగం దాచి ఇంటికి తెచ్చుకున్నది ఎవరు? నా పిల్ల తెచ్చుకుందా?"

"నోరు అదుపులో పెట్టుకో! ఇది నా ఇల్లు. బయటికి నడవండి ముందు!"

"మీ ఇల్లే మాస్టారూ. మేం బయటే ఉన్నాం. సందు అందరిదీ."

అని, ఆమె కిటికీ కిందకు వెళ్ళి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నేలమీద కూర్చుంది. పక్కన నేల తట్టింది. బుడ్డమ్మ కూర్చుంది. బండి బాబాయి కూతురు తండ్రి వైపు చూస్తే, ఆయన "కూర్చోవే, నన్నేం చూస్తావు?" అని తనూ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ చతికిలబడ్డాడు. సబ్బు వదిన కూతురు ఎవరినీ అడగలేదు. సంచిలోంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మడతల పిన్ని కూతురి చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

"మీరు పాఠం చెప్పుకోండి మాస్టారూ," అంది రోలరక్క. "మేం మాట్లాడం. వింటాం, అంతే. ఇవాళే కాదు, రేపూ వస్తాం. బడిలో మిగతాది చెప్పేదాకా వస్తాం."

మాస్టారు లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు వేసిన చప్పుడు. ఆ వెంటనే కిటికీ రెక్కలు రెండూ వీళ్ళ తలలమీదుగా ధడాలున మూసుకున్నాయి, గడియ పడింది.

వీధిదీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఒకాయన బండి ఆపి, దిగకుండా, ఏమిటిది అన్నట్టు చూశాడు. లోపల మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు, కానీ గొంతు తగ్గించి. గుసగుసలా. బడిలో లాగా.

"సార్, వినబడట్లేదు," అన్నాడు లోపల ఒక కుర్రాడు.

మాస్టారు ఏదో కసిరాడు.

"సార్, ఉక్కపోస్తోంది. కిటికీ తియ్యండి సార్," అంది ఇంకో ఆడపిల్ల గొంతు.

రోలరక్క తల గోడకు ఆనించి కూర్చుంది. పైన గడియ కదిలినట్టుంది. ఎవరో తీయబోయి ఆగారు. పక్కన బుడ్డమ్మ పుస్తకంలో సగం లెక్క ఉన్న పేజీ తీసింది.